ఇంగ్లీషు వాక్యంలో కర్మను పట్టుకోవడం, దాని వర్ణనను విప్పడం: తెలుగువారికి ఒక సమగ్ర మార్గదర్శి

ఆదివారం సాయంత్రాలు పెరంబూరులోని మా మేడమీదికి ఏడెనిమిది మంది కుర్రవాళ్లు ఇంగ్లీషు వ్యాకరణం చెప్పించుకోవడానికి వస్తారు. సగం మంది నెల్లూరు, నాయుడుపేట, సూళ్లూరుపేటల నుంచి ఉద్యోగాలకు వచ్చినవారు; మిగిలినవారు చెన్నైలోనే పుట్టి, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ పెరిగినవారు. వీరిలో ఒకతను జార్జ్‌టౌన్‌లో సరుకు రవాణా చేసే ఒక ఆఫీసులో గుమాస్తా. ముంబయిలోని హెడ్డాఫీసుకు అతను ఒక మెయిల్ పంపాడు. మనసులో అనుకున్న తెలుగు వాక్యంలో ఏ దోషమూ లేదు: “ఈ ఉదయం గూడూరు నుంచి వచ్చిన కస్టమరు అడిగిన బిల్లును మేనేజరుగారికి పంపాను.” ఇంగ్లీషులో రాసింది మాత్రం ఇది: “ఐ సెంట్ మేనేజర్ టుడే మార్నింగ్ ఫ్రమ్ గూడూర్ కేమ్ కస్టమర్ ఆస్క్‌డ్ బిల్.” ముంబయి నుంచి గంటలో జవాబు వచ్చింది. మేనేజరుగారి గూడూరు ప్రయాణ ఖర్చుల వివరాలు పంపమని అందులో అడిగారు.

అతనికి మాటలు రాక ఇలా జరగలేదు. ఆ వాక్యంలోని ప్రతి మాటా సరైనదే. పంపినది ఏది, ఎవరికి, ఆ బిల్లు ఎటువంటిది, ఆ కస్టమరు ఎవరు అనే నాలుగు సంగతులను తెలుగు ప్రత్యయాలతో చెబుతుంది. ఇంగ్లీషు మాటల వరుసతో చెబుతుంది. ఈ ఒక్క తేడా ఎక్కడెక్కడ ఎలా పనిచేస్తుందో పట్టుకుంటే కర్మకు సంబంధించిన పొరపాట్లు చాలామటుకు తొలగిపోతాయి. ఉదాహరణలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. స్పెల్లింగు మీదికి పోయే చూపు మాటల వరుస మీద నిలవాలన్నది నా ఉద్దేశం.

మొదటి మెట్టు: ప్రత్యయాన్ని వదిలి చోటును చూడడం

“రాముడు పులిని చంపాడు” అన్నా, “పులిని రాముడు చంపాడు” అన్నా చచ్చింది పులే. “ని” అనే చిన్న ప్రత్యయం పులికి అంటుకుని ఉన్నంతవరకు మాటలను ఎటు తిప్పినా అర్థం చెదరదు. తమిళంలోనూ అంతే, “కుమారై పార్త్తేన్” అన్నప్పుడు చివరనున్న “ఐ” మన “ని” చేసే పనే చేస్తుంది. ఇంగ్లీషులో “రామా కిల్డ్ ది టైగర్” అన్న వాక్యాన్ని తిప్పి “ది టైగర్ కిల్డ్ రామా” అంటే కథే తలకిందులవుతుంది. అక్కడ క్రియకు ముందున్నది కర్త, క్రియ తర్వాత వచ్చేది కర్మ.

ఇంగ్లీషు కూడా పుట్టుకతో ఇలా లేదు. సుమారు వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో నామవాచకాలకు విభక్తి ప్రత్యయాలు ఉండేవి. తర్వాతి శతాబ్దాలలో అవి అరిగిపోయి, వాటి బరువంతా మాటల వరుస మీద పడింది. ఆ పాత విభక్తుల జాడ ఇప్పుడు సర్వనామాలలోనే స్పష్టంగా కనిపిస్తుంది: ఐ-మి, హి-హిమ్, షి-హర్, వి-అస్, దే-దెమ్, హూ-హూమ్. అందుకే “హి సా షి” అనకూడదు, “హి సా హర్” అనాలి. ఈ జంటలు ముందుముందు మనకు ఒక పనిముట్టుగా ఉపయోగపడతాయి కనుక గుర్తుంచుకోండి.

ఇంతకూ మన తెలుగు కూడా ప్రత్యయాన్ని అన్నిచోట్లా పెట్టదు. “పిల్లవాణ్ణి చూశాను” అనక తప్పదు గాని, “పుస్తకాన్ని చదివాను” అనే చోట “పుస్తకం చదివాను” అంటే ఎవరూ తప్పు పట్టరు. ఈ ఊళ్లోనే ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా పనిచేసిన పరవస్తు చిన్నయ సూరి 1858 నాటి తమ బాలవ్యాకరణంలో, ప్రాణం లేని వస్తువులకు ద్వితీయకు (“ని”, “ను” ఉన్న రూపానికి) బదులు ప్రథమ (ఆ ప్రత్యయం లేని రూపం) రావడాన్ని గుర్తించి చెప్పారు. అంటే చోటును బట్టి, సందర్భాన్ని బట్టి కర్మను గుర్తించే అలవాటు మనకు కొత్తది కాదు. ఇంగ్లీషు ఆ అలవాటునే చట్టంగా చేసుకుంది.

రెండవ మెట్టు: క్రియను పట్టుకుని ప్రశ్న వేయడం

వాక్యంలో ముందు క్రియను వెతకండి. దానిని “ఎవరిని?” లేదా “దేనిని?” అని అడగండి. జవాబుగా వచ్చే నామం డైరెక్ట్ ఆబ్జెక్ట్, అంటే ప్రధాన కర్మ. “షి బాట్ మాంగోస్ ఎట్ కోయంబేడు” అన్నప్పుడు, దేనిని కొన్నది? మాంగోస్. “ఎట్ కోయంబేడు” అనేది ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు కనుక కర్మ కాదు. “హి స్లెప్ట్ ఇన్ ది ట్రైన్” అన్న వాక్యంలో ఆ ప్రశ్నకు జవాబే రాదు. నిద్రపోవడానికి కర్మ అక్కరలేదు.

ఇంతవరకు ఏ బడిలోనైనా చెబుతారు. చిక్కు దీని తర్వాత మొదలవుతుంది. తెలుగు క్రియ ఏ ప్రత్యయాన్ని కోరుతుందో, ఇంగ్లీషు క్రియ కూడా దానికి సరిపోయే ప్రెపొజిషన్‌ను, అంటే నామానికి ముందు వచ్చే టు, ఫర్, ఎట్ వంటి చిన్న మాటను, కోరుతుందని మనం లోలోపల నమ్ముతాం. ఆ నమ్మకమే దెబ్బతీస్తుంది. “ఆ విషయం గురించి చర్చించాం” అంటాం కాబట్టి “వి డిస్కస్డ్ అబౌట్ ది మ్యాటర్” అని రాస్తాం. డిస్కస్ అనే క్రియ కర్మను నేరుగా తీసుకుంటుంది. “వి డిస్కస్డ్ ది మ్యాటర్” అంటే చాలు. “సెంట్రల్‌కు చేరింది” అంటాం కాబట్టి “ది పినాకిని ఎక్స్‌ప్రెస్ రీచ్డ్ టు సెంట్రల్” అని వస్తుంది. అక్కడ “టు” తీసేయాలి. “గదిలోకి ప్రవేశించాడు” అన్నదానికి “ఎంటర్డ్ ది రూమ్”, “ఆమెతో పెళ్లయింది” అన్నదానికి “మ్యారీడ్ హర్”, “మీటింగుకు హాజరయ్యాను” అన్నదానికి “అటెండెడ్ ది మీటింగ్”, “ప్రశ్నకు జవాబిచ్చాను” అన్నదానికి “ఆన్సర్డ్ ది క్వశ్చన్”. వాళ్ల నాన్న పోలిక అన్నప్పుడు కూడా “హి రిజెంబుల్స్ హిజ్ ఫాదర్” అనే చెప్పాలి, నడుమ “విత్” గాని “టు” గాని రాదు. ఆర్డర్, కాంటాక్ట్, అప్రోచ్, రిక్వెస్ట్ అనే క్రియలదీ ఇదే తీరు. ఆఫీసు ఉత్తరాలలో “ఆర్డర్డ్ ఫర్ టూ బాక్సెస్” అని రోజూ చూస్తాను. అందులో “ఫర్” అనవసరం.

దీనికి ఎదురు జట్టు కూడా ఒకటుంది. తెలుగులో “పాట విన్నాను” అని నేరుగా అనేస్తాం. ఇంగ్లీషులో “ఐ లిజన్డ్ టు ది సాంగ్” అనాలి. “బొమ్మను చూశాను” అన్నప్పుడు సీ అయితే నేరుగా, లుక్ అయితే “ఎట్”తో. వెయిట్‌కు “ఫర్”, సెర్చ్‌కు కూడా “ఫర్”, డిపెండ్‌కు “ఆన్”, లాఫ్‌కు “ఎట్” కావాలి. మా మెయిల్ వీరుడిని పడగొట్టినది ఆస్క్ అనే క్రియ. ఒక మనిషిని అడిగితే “ఆస్క్ హిమ్”, ఒక ప్రశ్నను అడిగితే “ఆస్క్ ఎ క్వశ్చన్”. కానీ వస్తువు కావాలని అడిగితే “ఆస్క్ ఫర్ ది బిల్”. తెలుగులో మూడింటికీ “అడుగు” ఒక్కటే కాబట్టి “ఫర్” ఎక్కడ రావాలో మనకు చెవిలో మోగదు. ఈ రెండు జట్లకూ అడ్డదారి లేదు. కొత్త క్రియను నోట్‌బుక్కులో రాసుకునేటప్పుడు ఒంటరిగా కాకుండా దాని కర్మతో కలిపి రాసుకోండి: “రీచ్ ది స్టేషన్”, “వెయిట్ ఫర్ ది బస్”. క్రియల పట్టికలను బట్టీయం పెట్టినవారికంటే ఇలా రాసుకున్నవారే త్వరగా కుదుటపడడం నేను చూశాను.

ఇంకో అలవాటు కూడా మానుకోవాలి. “మందులు తెచ్చావా?” అంటే “తెచ్చాను” అని ఊరుకుంటాం, కర్మను మళ్లీ చెప్పడం తెలుగులో చాదస్తం. ఇంగ్లీషులో “ఐ బ్రాట్” అని ఆపితే వినేవారు ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూస్తారు. “ఐ బ్రాట్ దెమ్” అనాలి. అలాగే “ఐ లైక్” కాదు, “ఐ లైక్ ఇట్”. “వి ఎంజాయ్డ్” కాదు, “వి ఎంజాయ్డ్ ది ట్రిప్” లేదా “వి ఎంజాయ్డ్ అవర్‌సెల్వ్స్”.

మూడవ మెట్టు: “కు” ప్రత్యయం ఆడే మూడు వేషాలు

ఇచ్చేది, పంపేది, చూపేది, చెప్పేది ఉన్న వాక్యాలలో వస్తువుతో పాటు దానిని అందుకునే మనిషి కూడా ఉంటాడు. ఆ మనిషిని ఇండైరెక్ట్ ఆబ్జెక్ట్ అంటారు. తెలుగులో “కు” లేదా “కి” తగిలేది అతనికే. ఇంగ్లీషులో దీనికి రెండు వరుసలున్నాయి. మనిషి ముందు వస్తే ప్రెపొజిషన్ ఉండదు: “ఐ గేవ్ మై సిస్టర్ ఎ సారీ.” వస్తువు ముందు వస్తే మనిషికి “టు” తగలాలి: “ఐ గేవ్ ఎ సారీ టు మై సిస్టర్.” ఈ రెంటినీ కలిపి “ఐ గేవ్ టు మై సిస్టర్ ఎ సారీ” అనడం మనవాళ్లకు అలవాటు, అది సహజంగా లేదు. కొనడం, వండడం, చేయడం వంటి పనులకు “టు” బదులు “ఫర్” వస్తుంది: “షి మేడ్ కాఫీ ఫర్ అస్.” వస్తువు ఇట్ లేదా దెమ్ అనే సర్వనామమైతే రెండవ వరుసే వాడండి, “ఐ గేవ్ ఇట్ టు హర్” ఎప్పుడూ చెల్లుతుంది.

రెండు వరుసలలో ఏది ఎంచుకోవాలని అడిగితే, పొడవైనది చివరికి పంపమంటాను. వస్తువు వర్ణన పెద్దదైతే మనిషిని ముందు చెప్పి ముగించండి. మనిషి గురించే ఎక్కువ చెప్పవలసి ఉంటే వస్తువును ముందు పెట్టండి.

కొన్ని క్రియలు మొదటి వరుసను ఒప్పుకోవు. “ఎక్స్‌ప్లెయిన్ మి దిస్” అనేది చెన్నైలో బస్సు కంటే ఎక్కువగా వినిపిస్తుంది, కాని సరైనది “ఎక్స్‌ప్లెయిన్ దిస్ టు మి”. సే, డిస్క్రైబ్, సజెస్ట్, ఇంట్రడ్యూస్, అనౌన్స్, డొనేట్ కూడా ఇంతే. లాటిన్, ఫ్రెంచి మూలాల నుంచి వచ్చిన పొడవాటి క్రియలు చాలామటుకు ఇలా పట్టుబడతాయి. గివ్, సెండ్, షో, టెల్ వంటి పొట్టి పాత మాటలు రెండు వరుసలకూ లొంగుతాయి. అందుకే “హి టోల్డ్ మి” సరి, “హి సెడ్ మి” తప్పు.

ఇది “కు” మొదటి వేషం. రెండవ వేషంలో అది గమ్యాన్ని చూపుతుంది: “చెన్నైకి వచ్చాను”, “ఐ కేమ్ టు చెన్నై.” అక్కడ కర్మ ఏదీ లేదు. మూడవ వేషం అన్నిటికంటే మాయదారిది. “నాకు జ్వరం వచ్చింది”, “నాకు తెలుసు”, “నాకు ఇడ్లీ ఇష్టం”, “ఆయనకు ఇద్దరు కొడుకులు” అనే వాక్యాలలో “కు” తగిలిన మనిషి ఏమీ అందుకోవడం లేదు. అతనికి ఏదో కలుగుతోంది, లేదా అతనికి ఏదో ఉంది. ఇంగ్లీషులో ఆ మనిషి కర్త స్థానంలోకి వెళ్లి కూర్చుంటాడు: “ఐ హ్యావ్ ఎ ఫీవర్”, “ఐ నో”, “ఐ లైక్ ఇడ్లీ”, “హి హ్యాజ్ టూ సన్స్”. తెలుగులో కర్తలా కనిపించిన జ్వరం, ఇడ్లీ, కొడుకులు క్రియ తర్వాతికి జరిగి కర్మలవుతాయి. “ఫీవర్ కేమ్ టు మి” అని రాసిన సెలవు చీటీ వెనుక ఉన్నది ఈ మూడవ వేషమే.

నాలుగవ మెట్టు: కర్మలా కనిపించి కర్మ కానిది

డిగ్రీ చదివినవారు కూడా తడబడేది ఇక్కడ. “నేను టీచర్ని” అన్న వాక్యంలో “ని” ఉంది కాబట్టి టీచర్ కర్మ కావాలని ఒకమ్మాయి నాతో గట్టిగా వాదించింది. ఆమె వాదనలో తర్కం ఉంది, అందుకే జవాబు చెప్పడానికి నాకు ఒక వారం పట్టింది. రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టండి: “నేను టీచర్ని”, “నేను టీచర్ని చూశాను”. ఇప్పుడు “నేను” తీసి “ఆమె” పెట్టండి. మొదటిది “ఆమె టీచరు” అయింది, “ని” ఊడిపోయింది. రెండవది “ఆమె టీచర్ని చూసింది” అయింది, “ని” కదలలేదు. “నువ్వు టీచర్‌వి”, “మేము టీచర్లం” అని కూడా అని చూడండి. మొదటి వాక్యంలోని “ని” నేను అనే కర్తకు తగ్గట్టు వచ్చిన గుర్తు, కర్మ గుర్తు కాదు. రూపం ఒకటే, పని వేరు.

ఇంగ్లీషులో “ఐ యామ్ ఎ టీచర్” అన్నప్పుడు టీచర్ అనేది కర్త గురించి చెప్పే పూరణం. దానిని కాంప్లిమెంట్ అంటారు. బి, బికమ్, సీమ్, రిమెయిన్ అనే క్రియల తర్వాత వచ్చేది ఇదే. అనుమానం వస్తే వాక్యాన్ని కర్మణి ప్రయోగంలోకి తిప్పి చూడండి. “ఐ సా ఎ టీచర్” అన్నది “ఎ టీచర్ వాజ్ సీన్ బై మి” అవుతుంది. “ఐ యామ్ ఎ టీచర్” అన్నదానిని ఎవరూ అలా తిప్పలేరు. అయితే హ్యావ్, రిజెంబుల్ వంటి కొన్ని క్రియలకు కర్మ ఉన్నా అవి కర్మణిలోకి తిరగవు. కాబట్టి ఈ పరీక్ష నెగ్గినది కర్మ అని ధైర్యంగా చెప్పవచ్చు గాని, ఓడినంత మాత్రాన కర్మ కాదని తీర్పు ఇవ్వకూడదు.

కర్మకు కూడా పూరణం ఉండవచ్చు. “ది గవర్నమెంట్ రీనేమ్డ్ మద్రాస్ చెన్నై ఇన్ 1996” అన్న వాక్యంలో దేనిని పేరు మార్చారు? మద్రాస్; అది కర్మ. చెన్నై ఆ కర్మకు పూరణం. తెలుగులో ఇక్కడ “గా” పెడతాం: మద్రాసును చెన్నైగా మార్చారు. ఆ “గా”కు బదులుగా ఇంగ్లీషులో “యాజ్” వేయాలనిపిస్తుంది. రీనేమ్, కాల్, నేమ్, మేక్ అనే క్రియలకు అది అక్కరలేదు. “దే కాల్ హిమ్ యాజ్ అన్నా” అనకుండా “దే కాల్ హిమ్ అన్నా” అనండి. రిగార్డ్, డిస్క్రైబ్ అనే క్రియలకు మాత్రం “యాజ్” ఉండాలి.

ఐదవ మెట్టు: కర్మను వర్ణించడం, తలపదాన్ని వదలకుండా

కర్మ ఒక్క మాటగా రావడం అరుదు. దాని చుట్టూ వర్ణన పేరుకుని ఒక నామపదబంధం అవుతుంది. ఇంగ్లీషులో నౌన్ ఫ్రేజ్ అంటారు. అందులో అసలు నామం ఒక్కటే, దానిని తలపదం అనుకుందాం. మిగిలినవన్నీ దాని పరివారం.

ఒక తెలుగు పదబంధాన్ని దగ్గరగా చూద్దాం: “నిన్న పాండీ బజారులో మా అక్క బేరమాడి కొన్న జరీ అంచు ఎర్ర పట్టుచీర”. తలపదం చీర. అది అన్నిటికంటే చివర ఉంది. పరివారమంతా ముందు నడుస్తుంది, అమ్మవారి ఊరేగింపులో మేళతాళాలన్నీ ముందు పోయాక రథం వచ్చినట్టు. ఇంగ్లీషులో పరివారం రెండుగా చీలుతుంది. ఒంటి మాటలు తలపదానికి ముందు నిలుస్తాయి. మాటల గుంపులు వెనుకకు పోతాయి. “ది రెడ్ సిల్క్ సారీ” దాకా తెలుగు వరుసే. “జరీ అంచు” అనేది “విత్ ఎ జరీ బోర్డర్” అయి వెనుకకు పోయింది. “అక్క కొన్న” అనేది “దట్ మై సిస్టర్ బాట్” అయి ఇంకా వెనుకకు. “పాండీ బజారులో”, “నిన్న” అనేవి దాని తోకగా వస్తాయి. మొత్తం కలిపితే: “ది రెడ్ సిల్క్ సారీ విత్ ఎ జరీ బోర్డర్ దట్ మై సిస్టర్ బాట్ ఇన్ పాండీ బజార్ ఎస్టర్‌డే”. బేరమాడిన సంగతిని వదిలేశాను. ఒకే పదబంధంలో అన్నీ కుక్కితే చదివేవారికి ఊపిరాడదు.

ముందు నిలిచే మాటలకు ఒక వరుస ఉంది. ఎ, ది, మై, దిస్ వంటి డిటర్మినర్ మొదట, తర్వాత సంఖ్య, ఆపైన మన అభిప్రాయం, పరిమాణం, వయసు, రంగు, పుట్టిన చోటు, పదార్థం. “మై టూ బ్యూటిఫుల్ ఓల్డ్ బ్రాస్ ల్యాంప్స్” అన్నది ఈ వరుసలోనే ఉంది. “బ్రాస్ ఓల్డ్ బ్యూటిఫుల్ ల్యాంప్స్” అంటే అర్థమవుతుంది గాని చెవికి గుచ్చుకుంటుంది. ఈ వరుసను మరీ పట్టించుకోనక్కరలేదు. ఒకే నామానికి మూడు విశేషణాలకు మించి తగిలించే అవసరం ఆఫీసు రాతలో ఎప్పుడో గాని రాదు. పట్టించుకోవలసినది డిటర్మినర్‌ను. లెక్కించగలిగే నామం ఏకవచనంలో ఉన్నప్పుడు ఇంగ్లీషు దానిని ఒంటరిగా వదలదు. “ఐ సెంట్ బిల్” అనకూడదు. ఎ బిల్, ది బిల్, యువర్ బిల్, ఏదో ఒకటి కావాలి. రెండు డిటర్మినర్లు కూడా పక్కపక్కన ఇమడవు కనుక “ఎ మై ఫ్రెండ్” బదులు “ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్” అంటారు.

నామాన్నే విశేషణంగా వాడినప్పుడు అది ఏకవచనంలోకి దిగుతుంది. పది రూపాయల నోటు “ఎ టెన్-రుపీ నోట్”, ఐదేళ్ల పిల్ల “ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్ గర్ల్”, చెప్పుల దుకాణం “ఎ షూ షాప్”. తెలుగులో బహువచనం ఉంది కదా అని అక్కడ “స్” చేర్చకండి.

ఇక తలపదం వెనుకకు పోయే గుంపుల సంగతి. మన “వచ్చిన”, “రాసిన”, “కూర్చున్న” వంటి మాటలు ఎంత పొదుపైనవో ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడే తెలుస్తుంది. “ఉత్తరం రాసిన మనిషి”, “మనిషి రాసిన ఉత్తరం” రెండింటిలోనూ “రాసిన” ఒక్కటే. ఇంగ్లీషు వీటిని విడదీస్తుంది: “ది మ్యాన్ హూ రోట్ ది లెటర్”, “ది లెటర్ దట్ ది మ్యాన్ రోట్”. వర్ణనలో తలపదం కర్తగా ఉందా, కర్మగా ఉందా అని అడగండి. కర్త అయితే హూ, విచ్, దట్ అనే మాటను వదలడానికి వీల్లేదు. కర్మ అయితే దానిని తీసేసి “ది లెటర్ ది మ్యాన్ రోట్” అన్నా సరిపోతుంది. కానీ తలపదం ఖాళీ చేసిన చోటును మళ్లీ సర్వనామంతో నింపకూడదు. “ది లెటర్ దట్ ది మ్యాన్ రోట్ ఇట్” అన్నప్పుడు చివరి “ఇట్” ఎక్కువ.

తెలుగు ఇక్కడ ఇంకో పని చేస్తుంది, అది మనకే తెలియదు. “కుర్చీలో కూర్చున్నాను” అన్నదానిని “నేను కూర్చున్న కుర్చీ” అని మార్చినప్పుడు “లో” ఎక్కడికి పోయింది? “కత్తితో తరిగాను” అన్నది “నేను తరిగిన కత్తి” అయినప్పుడు “తో” మాయమైంది. “నేను వచ్చిన ఊరు” అంటే బయలుదేరిన ఊరా, చేరిన ఊరా? సందర్భం చెప్పాలి. ఇంగ్లీషు ఆ ప్రెపొజిషన్‌ను మింగదు. “ది చైర్ ఐ సాట్ ఆన్”, “ది నైఫ్ ఐ కట్ ది వెజిటబుల్స్ విత్”, “ది టౌన్ ఐ కేమ్ ఫ్రమ్” అని దానిని చివర వేలాడదీస్తుంది. వాక్యం చివర ప్రెపొజిషన్ రాకూడదని బడిలో చెప్పిన మాటను ఇక్కడ పక్కన పెట్టవచ్చు. మంచి రచయితలు శతాబ్దాలుగా అలా రాస్తూనే ఉన్నారు. తెలుగు పదబంధాన్ని ముందు పూర్తి వాక్యంగా విప్పి, అందులోని ప్రత్యయాన్ని పట్టుకుని, ఆ తర్వాత ఇంగ్లీషులోకి వెళ్లడం నాకు తెలిసిన తేలిక పద్ధతి.

పొడవు తగ్గించాలంటే హూ, విచ్ లేకుండా రాసే దారి ఉంది. బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు “ది ఉమెన్ వెయిటింగ్ ఫర్ ది బస్”. తమిళంలో రాసిన బోర్డు “ఎ బోర్డ్ రిటన్ ఇన్ తమిళ్”. తలపదం తానే పని చేస్తుంటే మొదటి రకం, దాని మీద పని జరిగితే రెండవ రకం.

కామా విషయం కూడా చెప్పాలి. “మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ నెల్లూర్” అని కామా లేకుండా రాస్తే నాకు ఇంకా అన్నదమ్ములున్నారనీ, నెల్లూరులో ఉన్నవాడి గురించి చెబుతున్నాననీ అర్థం. బ్రదర్ తర్వాత ఒకటి, నెల్లూర్ తర్వాత ఒకటి కామా పెడితే ఉన్నది ఒక్కడే. నెల్లూరు సంగతి అదనంగా చెప్పినది. పక్కన ఇంకో నామాన్నే వర్ణనగా పెట్టినప్పుడు కూడా కామాలు వస్తాయి: “మై అంకుల్, ఎ రిటైర్డ్ గార్డ్, నోస్ ఎవ్రీ స్టేషన్.” తెలుగులో “రిటైరయిన గార్డు అయిన మా బాబాయి” అని “అయిన”తో అతికించే చోట ఇంగ్లీషుకు రెండు కామాలు చాలు.

ఆరవ మెట్టు: పదబంధం ఎక్కడ ముగుస్తుందో తేల్చడం

మొదటి మెట్టులో దాచిపెట్టుకోమన్న సర్వనామాలు ఇప్పుడు కావాలి. ఒక నామపదబంధం మొత్తాన్ని తీసి దాని చోట హిమ్, హర్, ఇట్, దెమ్ పెట్టవచ్చు. “ఐ కాల్డ్ ది షాప్‌కీపర్ ఫ్రమ్ టీ నగర్” అన్న వాక్యానికి రెండు అర్థాలున్నాయి. టీ నగర్ దుకాణదారు అని అనుకుంటే “ఐ కాల్డ్ హిమ్” అవుతుంది. “ఫ్రమ్ టీ నగర్” కూడా పదబంధంలో కలిసి పోయింది. నేను టీ నగర్ నుంచి ఫోను చేశానని అనుకుంటే “ఐ కాల్డ్ హిమ్ ఫ్రమ్ టీ నగర్” అవుతుంది. పదబంధం షాప్‌కీపర్ దగ్గరే ముగిసింది. మీరు రాసిన వాక్యం రెండు రకాలుగానూ తిరిగితే, చదివేవారు తప్పు దానినే ఎంచుకుంటారని అనుకుని మార్చి రాయండి: “ఫ్రమ్ టీ నగర్, ఐ కాల్డ్ ది షాప్‌కీపర్.”

ఈ పదబంధమే కర్త స్థానంలో ఉన్నప్పుడు క్రియ తలపదానికి తగ్గట్టు ఉండాలి గాని, పక్కనున్న మాటకు తగ్గట్టు కాదు. “ది బాక్స్ ఆఫ్ బంగినపల్లి మాంగోస్ ఈజ్ ఇన్ ది ఆటో” అన్నప్పుడు తలపదం బాక్స్ కనుక “ఈజ్”. పండ్లు ఎన్ని ఉన్నా పెట్టె ఒకటే.

ఇప్పుడు గూడూరు బిల్లు దగ్గరికి వెళదాం. క్రియ: పంపాను, సెంట్. దేనిని? బిల్లును. ఎవరికి? మేనేజరుకు. వర్ణనలన్నీ పక్కన పెడితే అస్థిపంజరం నిలుస్తుంది: “ఐ సెంట్ ది బిల్ టు ది మేనేజర్.” బిల్లు, మేనేజరు రెండింటికీ “ది” వచ్చింది, ఒంటరిగా వదలలేదు. ఇక బిల్లు ఎటువంటిది? కస్టమరు అడిగినది. దానిని వాక్యంగా విప్పితే “ది కస్టమర్ ఆస్క్‌డ్ ఫర్ ది బిల్”. పదబంధంగా మారిస్తే “ది బిల్ ది కస్టమర్ ఆస్క్‌డ్ ఫర్”. చివరి “ఫర్” ఉందో లేదో చూసుకోండి. కస్టమరు ఎవరు? “ది కస్టమర్ హూ కేమ్ ఫ్రమ్ గూడూర్ దిస్ మార్నింగ్.” ఈ రెండవ వర్ణనను మొదటి దానిలో ఉన్నది ఉన్నట్టు దూరిస్తే “ది బిల్ ది కస్టమర్ హూ కేమ్ ఫ్రమ్ గూడూర్ దిస్ మార్నింగ్ ఆస్క్‌డ్ ఫర్” అవుతుంది. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు, చదవడం మాత్రం శిక్ష. “ఆస్క్‌డ్ ఫర్ బై” అని తిప్పితే కస్టమరు చివరికి వెళ్లి, అతని వర్ణనకు వెనుక చోటు దొరుకుతుంది. బిల్లు పదబంధం ఇప్పుడు పొడవుగా ఉంది కనుక మూడవ మెట్టు ప్రకారం మేనేజరును ముందుకు తెద్దాం; మనిషి ముందుకు వచ్చాడు కాబట్టి “టు” పోతుంది: “ఐ సెంట్ ది మేనేజర్ ది బిల్ ఆస్క్‌డ్ ఫర్ బై ది కస్టమర్ హూ కేమ్ ఫ్రమ్ గూడూర్ దిస్ మార్నింగ్.”

ఈ వాక్యాన్ని బోర్డు మీద చూసి ఆ గుమాస్తా కుర్రవాడు కాసేపు ఆలోచించి, “రెండు వాక్యాలుగా రాయకూడదా సార్?” అని అడిగాడు. నిక్షేపంగా రాయవచ్చునన్నాను. సుద్దముక్క తీసుకుని కింద తనే రాశాడు: “ఎ కస్టమర్ కేమ్ ఫ్రమ్ గూడూర్ దిస్ మార్నింగ్ అండ్ ఆస్క్‌డ్ ఫర్ హిజ్ బిల్. ఐ సెంట్ ఇట్ టు ది మేనేజర్.” రాసినదాన్ని పైకి చదువుకుని, “ఇట్” కింద ఒక గీత గీశాడు.